సందేహాలు తీరేదాకా ఆగండి

"సందేహంతో ఒక్క మహిళ కూడా పరీక్ష గది గడప తొక్కకూడదు" అని మా ఆరోగ్య మంత్రిగారు ప్రకటించగానే సభలో చప్పట్లు ఆగలేదు. ఆపమని సైగ చేయాల్సింది నేనే. పన్నెండేళ్లుగా ఆయన ప్రచార విభాగంలో గుమాస్తాని. అయినా ఆయన మాట్లాడుతుంటే ఇప్పటికీ ఒళ్లు మరిచిపోతాను.

పథకం అంత గొప్పది మరి. రొమ్ము క్యాన్సర్‌ని ముందే పట్టే యంత్రం ఆస్పత్రికి వచ్చేసింది. అయితే ఒక కమిటీ వేసి, పరీక్షకి ముందు జనం ఏమేం తెలుసుకోవాలనుకుంటారో సేకరించి, జవాబులతో పుస్తకం అచ్చేసి, అది విడుదలయ్యాకే యంత్రానికి కట్టిన రిబ్బన్ కత్తిరించాలని మంత్రిగారి ఆదేశం. అంతవరకు డాక్టర్లెవరూ సొంత జవాబులు చెప్పకూడదు. ఇంత ముందుచూపు నేనెక్కడా చూడలేదు.

మా అక్క బట్టలు కుడుతుంది. యాభై దాటింది. మా అమ్మ ఈ జబ్బుతోనే పోయింది, అదీ ఆలస్యంగా బయటపడి. ఆ భయం అక్కకి ఉంది, నాకూ ఉంది.

"ఒరేయ్, నువ్వు ఆ ఆఫీసులోనే ఏడుస్తున్నావు కదా, కాస్త కనుక్కో. నొప్పి పుడుతుందా? గదిలో మగాళ్లుంటారా? ఏదైనా కనబడితే తర్వాత ఏం చేస్తారు?" అంది.

మూడూ కాగితం మీద రాసి కమిటీకి పంపి, రసీదు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పుస్తకం వచ్చేదాకా ఓపిక పట్టమన్నాను.

కమిటీ పని చూసి తీరాలి. ఒక్క నొప్పి మీదే మూడు సమావేశాలు జరిగాయి. ఉంటుందంటే జనం రారని ఒకాయన, ఉండదంటే నొప్పి పుట్టినవాళ్లు కోర్టుకెక్కుతారని ఇంకొకాయన. చివరికి "నొప్పి విషయంలో ప్రభుత్వం చిత్తశుద్ధితో ఉంది" అని ఏకగ్రీవంగా తీర్మానించారు. మగాళ్ల ప్రశ్నని వేరే శాఖకి పంపారు. మూడోదాన్ని మంత్రిగారు స్వయంగా కొట్టేశారు.

"కనబడితే అనే మాటే వద్దయ్యా. మన ప్రభుత్వం కొన్న యంత్రంలో చెడ్డవేవీ కనబడవు."

ఐదు నెలలు గడిచాయి. అట్ట మీద మంత్రిగారు నవ్వుతూ ఉండాలా, ఆందోళనగా ఉండాలా అన్నది ఇంకా తేలలేదు. అక్కకి విసుగొచ్చి ఓ పొద్దున తనే ఆస్పత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ కుర్చీ లాగి కూర్చోబెట్టిందట. యంత్రం కొన్ని సెకన్లు గట్టిగా నొక్కుతుందని, కొందరికి నొప్పి పుడుతుందని, వదలగానే తగ్గుతుందని చెప్పిందట. గదిలో ఉండేది ఆడవాళ్లేనంది. అనుమానం వస్తే మరో పరీక్ష చేస్తామని, అలాంటి వాటిలో చాలావరకు క్యాన్సర్ కావని అంది. యంత్రానికీ కొన్ని చిక్కవు కాబట్టి ఈసారి ఏమీ లేదన్నా మళ్లీ రావాలంది. మొత్తం ఐదు నిమిషాలు. తర్వాత రిబ్బన్‌ని కత్తిరించకుండా జాగ్రత్తగా పక్కకి జరిపి పరీక్ష చేసింది.

చేతికి తగలని చిన్న గడ్డ దొరికింది. ముక్క తీసి చూస్తే అదే. ఐదు నెలల ముందే రావాల్సింది, అయినా చేయి దాటలేదు అందట డాక్టరమ్మ. ఆ మాట విని నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

అక్క మాత్రం ఊరుకోలేదు. కొలతలిచ్చే ప్రతి మనిషికీ టేపు చుడుతూనే ఆ ఐదు నిమిషాల సంగతి చెప్పింది. వారం తిరక్కుండా నలభై మంది పరీక్ష చేయించుకున్నారు.

ఆ వార్త పేపర్లో చూసి మంత్రిగారు కుర్చీలోంచి లేచారు.

"నేను రిబ్బన్ కట్ చేయకముందే నలభై మందా? వాళ్ల సందేహాలు ఎవరు తీర్చారు?"

ఆయన వేగం అప్పుడు చూడాలి. గంటలో డాక్టరమ్మకి మెమో తయారైంది. ఆమోదం లేని జవాబులు చెప్పడం ఒక నేరం, కత్తెర లేకుండా రిబ్బన్ తొలగించడం రెండోది. భాష చాలా ఘాటుగా కుదిరిందని మంత్రిగారు నా భుజం తట్టారు.

ఆపరేషన్ అయి అక్క ఇంటికొచ్చింది. దిండుకి ఆనుకుని కూర్చుని, "ఆవిడ లేకపోతే నేనేమైపోయేదాన్నిరా. మన ఇంటి తరఫున ఆ డాక్టరమ్మకి ఒక మాటైనా చెప్పావా?" అని అడిగింది.

"రాతపూర్వకంగానే పంపానక్కా" అన్నాను.