తొమ్మిదో గడిలో సాక్షి

మనిషి తన కామాన్ని తానొక్కడే జయించడం ఎంత ప్రమాదకరమో పాలకులు ఎట్టకేలకు గుర్తించారు. ఎవరి ఇంద్రియాలను వారే అదుపులో పెట్టుకుంటూ పోతే దాన్ని నమోదు చేసేదెవరు? అందుకే ఇంద్రియ నిగ్రహ శాఖ పుట్టింది.

మా పక్కింటాయన గడియారాలు బాగుచేస్తాడు. ఆయనకు ఫోన్లో బూతు వీడియోలు చూసే అలవాటుందని భార్యకు తెలిసిపోయింది. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. దిండు తీసుకుని పక్కగదిలోకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆయన దేవుడి ముందు కూర్చుని, ఇక చూడనని ఒట్టేసుకుని, ఫోన్లో ఉన్నదంతా తుడిచేశాడు. నిజానికి కథ ఇక్కడితో అయిపోవాలి.

"మానేశాను," అన్నాడు భార్యతో.

"మీ మాట నేను నమ్మను. ఇంకెవరైనా చెబితే అప్పుడు చూద్దాం," అందావిడ.

ఆ 'ఇంకెవరైనా' కోసం, నిగ్రహ పత్రం తెచ్చుకుందామని ఆయన శాఖ కార్యాలయానికి వెళ్లాడు. (అక్కడ ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు వేరు వరసలు, మధ్యలో తెర. తెర అవతలికి తొంగిచూసిన వారిని వరస చివరికి పంపుతారు. అందుకే మగవాళ్ల వరస కదలదు.)

గుమాస్తా దరఖాస్తు తిరగేసి తొమ్మిదో గడి దగ్గర ఆగాడు.

"నిగ్రహానికి సాక్షి అన్నచోట దేవుడని రాశారేంటండీ?"

"గదిలో నేనొక్కణ్ణే ఉంటానండి. చూసేది ఆయనొక్కడే."

"చూస్తాడు, కాదన్లేదు. కానీ సాక్షి గుర్తింపు కార్డుతో స్వయంగా రావాలి. వస్తాడా?"

"రోజూ పిలుస్తూనే ఉన్నానండి."

"వచ్చినప్పుడు తీసుకురండి. ఈలోగా మా యాప్ వాడండి."

యాప్ నియమాలు తేలికే. అరగంటకోసారి ఫోను మోగుతుంది. నిమిషంపాటు చూపు తిప్పకుండా తెరవైపే చూసి, 'నిగ్రహంగా ఉన్నాను' అన్న మీట నొక్కాలి. ఇలా తొంభై రోజులు చేస్తే పత్రం; ఒక్కసారి తప్పినా మళ్లీ మొదటినుంచి. ప్రార్థనకు వేరే మీట ఉంది. (ప్రార్థన మధ్యలో మొదటి మీట కోసం ఫోను మోగితే ప్రార్థనే ఆపాలి. శాఖకు దేవుడికున్నంత ఓపిక లేదు.)

ఆయన పట్టుదల చూసి మొదట్లో నాకు ముచ్చటేసింది. భార్య వడ్డిస్తుంటే తెర చూశాడు. ఆవిడ జుట్టు కత్తిరించుకొచ్చి ఎదురుగా నిలబడితే, "ఒక్క నిమిషం," అన్నాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ దిండు పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మీట నొక్కి తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనే నాకు గొప్పగా చెప్పుకున్నాడు, ఒక్క మీట కూడా తప్పలేదని. (నాకు ఒళ్లు మండి రెండు తగిలిద్దామనుకున్నాను. దానికి కోప నిగ్రహ శాఖలో అనుమతి తీసుకోవాలట.)

తొంభయ్యో రోజుకీ దేవుడు హాజరు కాకపోవడంతో సాక్షిగా భార్యను పిలిపించారు. పెద్ద అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు.

"అమ్మా, ఈ తొంభై రోజుల్లో మీ ఆయన ఏ ఆడమనిషినీ చెడుచూపు చూడలేదని చెప్పగలవా?"

"చెప్పగలనండి. ఎవర్నీ చూడలేదు."

"ఏ ఒక్కర్నీ?"

"నన్ను కూడా చూడలేదండి. ఏ చూపూ చూడలేదు."

పక్కనే కూర్చున్న భర్త ఫోను మోగింది. ఆయన తల వంచాడు.

అధికారి ముఖం వెలిగిపోయింది. పత్రం మీద 'సంపూర్ణ నిగ్రహం' అని రాసి, ముద్ర వేసి, ఆవిడ చేతికే ఇచ్చాడు.

"అదృష్టవంతురాలివమ్మా," అన్నాడు.