రెండు నీలం టిక్కులు

"ఇక నుంచి టెక్నాలజీ మీదా, క్రీడల మీదా నా వ్యక్తిగత అభిప్రాయం ప్రతి ఉదయం ప్రజలకు అందుతుంది" అని శ్రీకాకుళంలో పార్టీ పట్టణ అధ్యక్షుడు, బట్టల వ్యాపారి సూర్యారావు గారు ప్రెస్‌మీట్ పెట్టి మరీ ప్రకటించారు. విలేకరులు ఉప్మా తింటూ రాసుకున్నారు.

ఆ రెండింటి మీదే ఎందుకంటే, రాజకీయాల మీద అభిప్రాయం అధినేతకు తప్ప ఇంకెవరికీ ఉండకూడదని విజయవాడ నుంచి ఆదేశం వచ్చింది. విజయనగరంలో ఒకాయన కరెంటు కోతల మీద నోరు జారి, మర్నాటికల్లా మాజీ అయిపోయారు. సూర్యారావు గారికేమో ఈసారి ఎమ్మెల్యే టికెట్ కావాలి. పాపం, ఏళ్ల తరబడి పార్టీ జెండాలకు గుడ్డ తన కొట్లోంచే ఇస్తున్నారు. పేపర్లో పేరు పడాలి, పైవాళ్లకు కోపం రాకూడదు. అదీ సంగతి.

అభిప్రాయాలు మాత్రం అద్భుతం. "డ్రైవర్ లేని కారు మంచిదే. డ్రైవరున్న కారూ మంచిదే." క్రికెట్ ఫైనల్ మర్నాడు: "గెలిచిన జట్టు బాగా ఆడింది. ఓడిన జట్టు కూడా ఆడింది." ఇంత నిష్పక్షపాతం ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి!

అలాగని తొందరపడే మనిషి కాదు. ప్రతి అభిప్రాయాన్నీ ముందు విజయవాడ ఆఫీసు నెంబరుకు వాట్సాప్‌లో పంపేవారు. ఏదో బహిరంగ సభలో, తోపులాటలో, ఎవరో చెబితే అరచేతి మీద రాసుకున్న నెంబరది. అవతల నుంచి జవాబు ఒక్కసారీ రాలేదు గానీ, రెండు నీలం టిక్కులు పడేవి.

"బళ్లో మేస్టారు టిక్కెడితే ఏటర్థం? రైటనే గదా! ఈళ్లు రెండెట్టినారు" అని పట్టణ కమిటీకి వివరించారు. కమిటీ చప్పట్లు కొట్టి తీర్మానం చేసింది.

"కూరలో ఉప్పు సాలిందా అనడిగినా ఫోను సూస్తన్నారు. నా కర్మ!" అని ఆయన భార్య జ్ఞానాంబ నెత్తి కొట్టుకుంది.

ఒకరోజు అరసవల్లి ఆటో డ్రైవర్ కూతురు ఝాన్సీ వచ్చింది. వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్ల.

"మావయ్యా, తుఫానుకి మా ప్రాక్టీసు షెడ్డు రేకులెగిరిపోనాయి. వర్సమొస్తే రాడ్డు జారిపోతన్నాది. మునిసిపాలిటీకి ఓ మాట సెప్పవా?"

"నాను క్రీడల మీదే మాటాడతానమ్మా."

"బరువులెత్తడం క్రీడ కాదేటి?"

"బరువులు క్రీడే. రేకులు పాలిటిక్సు."

ఆ పిల్ల ఆ షెడ్డు గోడల మధ్య, ఆకాశం కిందే బరువులెత్తి జాతీయ పోటీల్లో బంగారు పతకం కొట్టింది. విలేకరులు ఆమెను వెంటబెట్టుకుని, కెమెరాలతో సహా సూర్యారావు గారి అరుగు మీదికి వచ్చేశారు. క్రీడలన్నాక ఆయన అభిప్రాయం లేకపోతే ఎలా?

నిజానికి ఆయన మనసు పొంగిపోయింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పిల్ల. రేకులు తనే వేయించేద్దామా అనిపించింది కూడా. అయితే అనిపించినదల్లా అభిప్రాయం కాదు కదా, టిక్కులు పడాలి. "ఝాన్సీ మా ఊరి బంగారం. షెడ్డుకు నా ఖర్చుతో రేకులు వేయించాలన్నది నా వ్యక్తిగత అభిప్రాయం" అని పంపారు.

టిక్కులు బూడిద రంగులోనే ఉండిపోయాయి. మొదటి వాయి ఉప్మా అయిపోయింది. రెండో వాయీ వచ్చింది. ఫోన్ మీదికి వంగి చూస్తున్న ఝాన్సీ ఒక్కసారి ఎగిరి గంతేసింది.

"నీలం పడినాయి మావయ్యా! రేకులు పాసైపోనాయి!"

కమిటీ చప్పట్లు కొట్టింది. కెమెరాలన్నీ ఆయన వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే, మొట్టమొదటిసారి, అవతల నుంచి జవాబు వచ్చింది.

"ఎవరండీ మీరు? రోజూ ఇవన్నీ నాకెందుకు పంపుతున్నారు?"

సూర్యారావు గారు చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. కండువాతో మొహం తుడుచుకుని, చుట్టూ ఉన్న జనాన్ని చూశారు.

"విజయవాడ నాతో డైరెక్టుగా మాటాడింది. రేకులు ఏయిస్తన్నాను" అని ప్రకటించారు. ఝాన్సీ వంగి కాళ్లకు దండం పెట్టింది.

అందరూ వెళ్లిపోయాక ఆయన టైపు చేశారు: "నేనండీ, శ్రీకాకుళం సూర్యారావుని. నా ఎమ్మెల్యే టికెట్ విషయం కూడా కొంచెం చూడగలరు."

వెంటనే రెండు నీలం టిక్కులు పడ్డాయి.

"ఒసే జ్ఞానాంబా! వీధంతా మిఠాయి పంచిపెట్టు!" అని కేకేశారు సూర్యారావు గారు.