బిగించిన మూత

ఆ ఆదివారం పొద్దున ప్లంబరు పెట్టుకున్న పనులు పెద్దవేం కావు. పాత పడవకు కొత్త పెట్రోలు ట్యాంకు తగిలించాలి. భార్యను నది అవతల ఉన్న వాళ్ళ పెద్దక్క ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాలి. చీకటి పడకముందే వెనక్కి తీసుకురావాలి. ఆలోచన తనదే కాబట్టి అందులో లోపం ఉండే ప్రసక్తి లేదని ఆయన నమ్మకం.

పడవ ఆయన కొనేనాటికే పాతది. వెనక చిన్న మోటారు. దానికి పెట్రోలు అందించే ట్యాంకు విడిగా, పిడి పట్టుకుని మోసుకుపోయేలా ఉంటుంది. రేవులో వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని ప్రతి సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చి మెట్ల కింద పెట్టేవాడు. ఇనప ట్యాంకు. అతుకుల వెంట తుప్పు తిని సూది బెజ్జాలు పడ్డాయి. ఆ బెజ్జాల్లోంచి వాసన బయలుదేరి, మెట్లెక్కి, పడకగదిలో దూరి, దుప్పట్లకు పట్టి, చివరకు అన్నంలోకి కూడా వచ్చిందని ఆయన భార్య అభియోగం.

ఆ పొద్దున ఆమె తీర్పు కూడా చెప్పేసింది.

"ఇదిగో వినండి. కొత్త ట్యాంకు పెట్టుకుంటారో, కొత్త మోటారే పెట్టుకుంటారో మీ ఇష్టం. దారిలో ఆగకుండా నన్ను అక్క ఇంటికి తీసుకెళ్ళి తీసుకొచ్చారా, పడవ మీది. మధ్యలో ఆగిందా, హోటలాయనకి ఇచ్చేస్తున్నాం, ఆయనకీ చెప్పేశాను. ఇంక మాట్లాడకండి."

రేవు పక్కన హోటలు నడిపే పెద్దమనిషికి చాలాకాలంగా ఒక కోరిక ఉంది. ఒక పాత పడవను హోటలు ముందు పెట్టించి, దాని కడుపు నిండా మట్టి పోసి, పూలమొక్కలు నాటాలని. అందుకోసం మట్టి బస్తాలు కూడా తెప్పించి గోడ పక్కన పేర్పించాడు. ప్లంబరు పడవలో కూర్చున్నప్పుడల్లా ఆయన గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చి, పడవ పొడుగు కళ్ళతోనే కొలుచుకుని వెళ్ళేవాడు.

ప్లంబరుకు చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది. ఇల్లు మామగారిది. వారమంతా ఊళ్ళోవాళ్ళ మురికి గొట్టాల ముందు మోకాళ్ళ మీద కూర్చోవడమే ఆయన జీవితం. తల ఎత్తి కూర్చోగలిగే చోటు ఆ పడవ వెనక బల్ల ఒక్కటే. ఆ బల్ల మీద బంతిపూలు పూయడాన్ని తలచుకుంటేనే ఆయనకు గుండెల్లో కలుక్కుమనేది.

కొత్త ట్యాంకు ఎర్రటి ప్లాస్టిక్‌ది. అమ్మినవాడు, "అన్నా, మూత మీద తిప్పే చిన్న మర ఉంటుంది చూడు, అది..." అని ఏదో చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"బాబూ, నువ్వు పుట్టక ముందు నుంచీ మూతలు బిగిస్తున్నాను. ప్యాక్ చెయ్యి."

రేవులో మొదటి ఇబ్బంది ఎదురైంది. ట్యాంకు వెనక బల్ల కింద పట్టలేదు. ఆయన రంపం తీసి బల్లలో ఒక ముక్క కోసేశాడు. ట్యాంకు పట్టింది. ఇద్దరు కూర్చునే బల్ల ఒకటిన్నర మనిషికి సరిపోయేలా మిగిలింది. పెట్రోలు పోసి, గొట్టం తగిలించి, గొట్టం మధ్యలో ఉన్న రబ్బరు ఉండను గట్టిపడే దాకా నొక్కాడు. అంతా సవ్యంగా ఉంది. అప్పుడు ఎండ ట్యాంకు మీద పడింది. మూత మీది చిన్న మర దగ్గర్నుంచి సన్నగా "సుయ్" మంది. పెట్రోలు వాసన వచ్చింది.

ఆయన ముఖం గంభీరమైంది. ఆయన వృత్తికి ఒకటే నీతి. కారేదేదైనా తప్పే. సంచిలోంచి తెల్ల టేపు తీసి మరకు మూడు చుట్లు చుట్టాడు. కింద రబ్బరు వాషరు వేశాడు. పానాతో బిగించి, మీద చెయ్యి వేసి ఒరిగి మళ్ళీ బిగించాడు. వాసన ఆగింది. ఇంకెవరైనా ఉంటే తన భుజం తట్టేవాళ్ళనుకున్నాడు.

ఆ మర గాలి కోసం పెట్టింది. పెట్రోలు బయటికి పోతుంటే దాని చోటులోకి గాలి వెళ్ళాలి, లేకపోతే మోటారుకు ఊపిరాడదు. పాత ట్యాంకుకూ అలాంటి మరే ఉండేది. అది తుప్పుపట్టి ఎప్పుడో బిగుసుకుపోయింది. కానీ ఆ ట్యాంకు సూది బెజ్జాల గుండా గాలి పీల్చుకునేది. ఇన్నేళ్ళూ పడవను నడిపించింది ఆయన నైపుణ్యం కాదు, ఆ తుప్పు. ఈ సంగతి ఆయనకు చెప్పేవాళ్ళెవరూ రేవులో లేరు. ఉన్నా ఆయన వినడు.

భార్య వచ్చింది. వెంట ఆమె తమ్ముడు. ఇన్సూరెన్సు ఆఫీసులో పని, చేతిలో ఫోను, ఏ విషయం మీదైనా అభిప్రాయం ఉన్న మనిషి. ఒళ్ళు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. పెద్దక్క దగ్గర అరువు తెచ్చుకున్న కుట్టుమిషను తలకాయను తిరిగిచ్చేద్దామని గుడ్డలో చుట్టి అతని చేత మోయించింది ఆమె. పడవెక్కగానే దాన్ని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"బావా, బల్ల సగమే ఉందేంటి?" అన్నాడు బామ్మర్ది, మిగిలిన సగం మీద కూర్చుంటూ.

"నువ్వొస్తావని తెలీదు."

తాడు ఒక్క లాగుకే మోటారు అందుకుంది. పడవ నీళ్ళు చీల్చుకుంటూ బయలుదేరింది. ఒడ్డున హోటలాయన చెయ్యి ఊపాడు. ప్లంబరు ఊపలేదు.

కాస్త దూరం పోయాక మోటారు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది.

"ఆగింది," అంది భార్య.

"ఆగలేదు. వెనక బరువు ఎక్కువైంది," అన్నాడాయన. "ఏరా, నువ్వు ముందుకెళ్ళి కూర్చో."

బామ్మర్ది అందరినీ తొక్కుకుంటూ ముందుకెళ్ళాడు. ఈలోగా ప్లంబరు పెట్రోలు చూద్దామని ట్యాంకు మూత మొత్తం విప్పాడు. ట్యాంకు పెద్దగా నిట్టూర్చింది. లోపల పెట్రోలు నిండుగా ఉంది. మూత మళ్ళీ గట్టిగా బిగించి తాడు లాగాడు. మోటారు అందుకుంది.

"చూశావా? బరువే," అన్నాడు. లోకంలో చాలా నిజాలు ఇలాగే తేలుతాయి.

ఇంకాస్త దూరం. మళ్ళీ దగ్గు. మళ్ళీ నిశ్శబ్దం.

"ప్లగ్గు అయ్యుంటుంది బావా," ముందు నుంచి కేకేశాడు బామ్మర్ది, ఫోన్లో వెతుకుతూ. "ఇక్కడ ఎవడో రాశాడు. ప్లగ్గుకి కరెంటు సరిగ్గా రాకపోతే..."

ప్లంబరు ఒక్కసారిగా తలెత్తాడు. "ఆ ఫోను కట్టెయ్."

"ఎందుకు?"

"మోటార్లో కరెంటుంది. నీ ఫోన్లో కరెంటుంది. రెండూ కొట్టుకుంటున్నాయి. కట్టెయ్యి ముందు!"

"నేను రోజూ స్కూటరు మీద ఫోన్ మాట్లాడుకుంటూనే వెళ్తాను కదా?"

"అందుకే నీ స్కూటరు నెలకోసారి షెడ్డులో ఉంటుంది."

స్కూటరు నిజంగానే షెడ్డులో ఉంది. బామ్మర్ది ఫోను కట్టేశాడు. ప్లంబరు మూత విప్పి పెట్రోలు చూసి, మూత బిగించి, తాడు లాగాడు. మోటారు బంగారంలా పలికింది.

"ఇప్పుడేమంటావ్?"

ఫోను లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బామ్మర్ది మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

మూడోసారి ఆగినప్పుడు భార్య కుట్టుమిషనును ఒళ్ళో సర్దుకుంది. "ఇది కూడా ఆగలేదంటారా?"

"ఆపాను," అన్నాడాయన. "నువ్వు మాట్లాడుతుంటే మోటారు చప్పుడు వినపడట్లేదు. అది ఎక్కడ ఇబ్బంది పడుతోందో నాకు తెలియద్దూ?"

"అంటే నా మాటలకి ఆగిందా?"

"నేనలా అన్లేదు. కాసేపు ఎవరూ మాట్లాడకండి అంటున్నాను."

మూత విప్పాడు, చూశాడు, బిగించాడు. పడవ కదిలింది. ముగ్గురూ నోరు మెదపలేదు. ఎవరినైనా సాగనంపడానికి వెళ్తున్నట్టు ముఖాలు పెట్టుకుని కూర్చున్నారు. దూరం నుంచి చూసినవాళ్ళు అదేదో ఘోరమైన కుటుంబ విషయం అనుకుని ఉంటారు. ఒక రకంగా పొరపాటు కాదు.

నది నడిమధ్యలో నాలుగోసారి ఆగింది. ఈసారి అక్కడ మాట్లాడినవాళ్ళు లేరు. ఫోను కట్టేసి ఉంది. బామ్మర్ది ముందే ఉన్నాడు. ప్లంబరు పడవ అంతా కలియజూశాడు. ఆయన చూపు గుడ్డలో చుట్టిన కుట్టుమిషను దగ్గర నిలిచింది.

"అటు చూడకండి," అంది భార్య.

"ఇనుము. నడి పడవలో బండలా..."

"మీ పానాల సంచి దూది పింజా? ముందు అది విసిరెయ్యండి."

"అది నా అన్నం పెట్టే సంచి!"

"ఇది మా అక్క బట్టలు కుట్టే మిషను."

"అక్కా, బావా, మీరిద్దరూ..." అన్నాడు బామ్మర్ది.

"నువ్వుండు!" అన్నారు ఇద్దరూ. వాళ్ళు ఒక్కటైంది ఆ ఒక్క మాట దగ్గరే.

ఎవరూ తగ్గలేదు. అలాగని పడవ తేలిక చెయ్యకుండా ఉంటే ఆయన మాట పోతుంది. ఆయన వంగి లంగరు పట్టుకుని, తాడు విప్పి, నీళ్ళలోకి వదిలేశాడు. "బుడుంగ్" మంది. తర్వాత మూత విప్పాడు, చూశాడు, బిగించాడు, తాడు లాగాడు. మోటారు అందుకుంది. ఆయన వెనక్కి ఒరిగి కూర్చున్నాడు. ఆ ముఖంలో గెలుపు చూసి భార్యకు లంగరు కోసం కూడా ఏడవాలనిపించలేదు.

ఐదోసారి ఆగినప్పుడు లాంచీ వస్తోంది.

రోజూ జనాన్ని దాటించే పెద్ద లాంచీ. ఎగువ నుంచి నేరుగా వాళ్ళ మీదికే వస్తూ కూత పెట్టింది. ప్రవాహం పడవను దాని దారిలోకి నెడుతోంది. వెయ్యడానికి లంగరు లేదు. లాంచీ అంచున జనం మూగి చూస్తున్నారు. పిల్లలెవరో చేతులు ఊపుతున్నారు. బామ్మర్ది అలవాటు కొద్దీ చెయ్యి ఊపాడు.

"ఏమండీ!" అంది భార్య. ఆ గొంతులో కోపం లేదు. అది ఆయనను కోపం కంటే ఎక్కువ భయపెట్టింది.

ఆయన తాడు లాగాడు. లేదు. మళ్ళీ లాగాడు. లేదు. నిందించడానికి పడవలో ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు మొదటిసారి ఆయన ట్యాంకును చూశాడు. పెట్రోలును కాదు, ట్యాంకును. దాని రెండు బుగ్గలూ లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. గాలి అందని మనిషి ముఖంలా ఉంది.

ప్లంబరు నెమ్మదిగా పానా తీశాడు. తను చుట్టిన టేపు, తను వేసిన వాషరు, తను ఒరిగి బిగించిన మర. వదులు చేశాడు. ట్యాంకు "హుష్" మని గాలి మింగింది. బుగ్గలు "డబ్" మని బయటికొచ్చాయి. రబ్బరు ఉండ నొక్కి తాడు లాగాడు. మోటారు అందుకుంది. పడవ లాంచీ దారిలోంచి పక్కకు తప్పుకుంది. లాంచీ అలలు వాళ్ళ ముగ్గురినీ మోకాళ్ళ దాకా తడిపి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత మోటారు దగ్గలేదు. ఒక్కసారి కూడా.

ఆయన చేసింది ఎవరూ చూడలేదు. భార్య లాంచీ వైపు చూస్తోంది. బామ్మర్ది కళ్ళు మూసుకున్నాడు.

"సరే," అంది భార్య, చీర అంచు పిండుకుంటూ. "ఇంక చాలు. ప్రాణాలతో ఒడ్డెక్కితే ఇది హోటలాయనదే. ఇది పడవ కాదు, పీడ."

"పడవది తప్పు కాదు," అన్నాడాయన.

"మరి?"

"ట్యాంకు అమ్మినవాడు..." అని మొదలుపెట్టాడు. తను చెయ్యి అడ్డంపెట్టి వాడి మాట ఆపించింది గుర్తొచ్చి అక్కడితో వదిలేశాడు.

"ట్యాంకుదైతే ట్యాంకు తిరిగిచ్చేద్దాం, పడవ ఇచ్చేద్దాం. నేను మాత్రం ఇంక ఇందులో కాలు పెట్టను."

ఆయన నీళ్ళ వైపు చూశాడు. పడవ పాడైందంటే పడవ పోతుంది, తన పనితనం నిలుస్తుంది. పడవ బాగుందంటే పడవ నిలుస్తుంది, మరి పాడైంది ఏమిటో చెప్పాలి. వెనక బల్ల మీద బంతిపూలు కళ్ళ ముందు ఊగాయి. ఆయన మోటారు వైపు తిరిగి, మీసాల చాటున ఏదో గొణిగాడు.

"ఏంటి?"

మళ్ళీ గొణిగాడు.

"వినపడట్లేదు. మోటారు ఆపండి."

"ఇప్పుడే కదా సరిగ్గా నడుస్తోంది!"

"ఆపండి."

ఆపాడు. నది మీద చప్పుడనేది లేదు.

"గాలి వెళ్ళే మర నేనే బిగించేశాను," అన్నాడు ప్లంబరు. "తప్పు నాది."

భార్య కుట్టుమిషనును మెల్లగా పక్కన పెట్టింది.

"మళ్ళీ చెప్పండి."

"చెప్పాను కదా."

"తమ్ముడు సరిగ్గా విన్లేదు."

"విన్నానక్కా," అన్నాడు బామ్మర్ది.

"నువ్వు విన్లేదు."

ఆయన మళ్ళీ చెప్పాడు. ఆమె తల ఊపింది. మోటారు పెట్టమంది. పెద్దక్క ఇంట్లో ఆమె రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. ఆయనకు ముద్ద దిగలేదు.

తిరుగు ప్రయాణంలో పడవ ఎక్కడా ఆగలేదు. రేవులో హోటలాయన ఒక బస్తా మూతి విప్పి సిద్ధంగా నిలబడ్డాడు.

"ఏం చెల్లెమ్మా, నడి నదిలో ఆగిందట కదా? లాంచీవాళ్ళు చెప్పారు. రేపు పొద్దున్నే మనుషుల్ని పంపిస్తాను."

"పంపకండి. పడవ ఇవ్వట్లేదు."

"ఆగితే ఇస్తానన్నావుగా?"

"ఆగింది కాబట్టే ఇవ్వట్లేదండీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేల మీద ఆయన నోట రాని మాట, నీళ్ళ మీద రెండుసార్లు వచ్చింది. దీన్ని మీకిచ్చేసి నేను పూలు చూసుకుంటూ కూర్చోనా?"

హోటలాయనకు ఏమీ అర్థం కాలేదు. బస్తా మూతి మళ్ళీ కట్టుకున్నాడు. పడవ ప్లంబరుకు దక్కింది. ఆయన దాని తాడు గుంజకు కట్టి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. గెలిచినవాళ్ళు అలా నిలబడరు.

మూడు నాలుగు రోజుల తర్వాత మేకుకు తగిలిస్తుంటే గోడ గడియారం ఆయన చేతిలోంచి జారి ముక్కలైంది. మేకుదే తప్పని ఆయన అనబోయేసరికి, భార్య అప్పటికే చెప్పులు తొడుక్కుని, "పదండి, పడవలో చెబుదురుగాని," అంటూ రేవు దారి పట్టింది.