ముసల్దాన్ని లేపేస్తారట!

“నేరస్థుడు ఈ భూగోళంలో ఎక్కడైనా దాక్కోవచ్చు బావా! ఈ బుర్రలో మాత్రం దాక్కోలేడు!”

మా బావమరిది ఈ ప్రకటన చేసినప్పుడు డైనింగ్ టేబుల్ పక్కన కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. అంత ఖాళీ ఉన్నచోట ఎందుకు దాక్కోలేడురా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ మా ఆవిడ ఎదురుగా కూర్చుని బీన్స్ తరుగుతోంది. తమ్ముణ్ణి ఎవరైనా ఏమైనా అంటే ఆవిడ చేతిలో కత్తి జోరందుకుంటుంది. నేను స్కూల్లో డ్రాయింగ్ మాస్టార్ని, వేళ్ళతో బతికేవాణ్ణి. 

వాడు తనకు తానే పెట్టుకున్న పేరు డేగకన్ను. ఉద్యోగం వెతుక్కుంటానని మా ఇంటికి వచ్చాడు. వెతకడం బాగా అలవాటై ఉద్యోగం సంగతి మర్చిపోయాడు. పోయిన నెల మా పెరట్లో ‘అనుమానాస్పదంగా వంగి ఉన్న’ ఒక మనిషిని పట్టుకుని స్నానాలగదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. ఆయన మా ఆవిడ పిలిపించిన ప్లంబరు. వీడి విచారణ పూర్తయ్యేసరికి వంటింట్లో గిన్నెలు ఈత కొడుతున్నాయి.

“ఈసారి చిల్లర కేసు కాదు,” అంటూ కుర్చీ దిగి నా చెవిలో గుసగుసలాడాడు. “హత్య! వచ్చే ఆదివారం! ఎవర్నో తెలుసా? మా అమ్మని!”

నేను హాల్లోకి తొంగి చూశాను. అత్తగారు ఫ్యాన్ కింద మంచం మీద కూర్చుని, బోసినోటితో నమలడానికి వీలుగా టీలో బిస్కెట్ నానబెట్టుకుంటున్నారు. కొత్త పళ్ళసెట్టు కట్టించుకోవడానికి మా ఇంటికి వచ్చారు. చీమకైనా అపకారం తలపెట్టని మనిషి. అలాంటి మనిషి తనకు తెలియకుండానే నా గదికి ఎసరు పెట్టారు.

ఆ గది మా ఇంటి వెనకవైపు ఉంది. అందులో నేను విమానాలు కడతాను. రిమోట్‌తో ఎగిరేవి. ఫోమ్ షీట్లు కోసి, కార్బన్ పుల్లతో వెన్ను నిలబెట్టి, బొటనవేలంత మోటారు బిగిస్తాను. విమానం అన్నాక తేలిగ్గా ఉండాలన్నది నా సిద్ధాంతం. మా మైదానంలో వీచే గాలికి నా సిద్ధాంతం తెలియదు. మొదటిదానికి వెడల్పాటి రెక్కలు పెట్టాను. అది గొడుగులా గాలి పట్టి, మూతి ముందుకే పెట్టుకుని వెనక్కి వెనక్కి పోయి నీళ్ళ ట్యాంకుకి గుద్దుకుంది. రెండోదానికి రెక్కలు పైకి వంచాను. గాలి పక్కనుంచి తాకినప్పుడల్లా తాగినవాడిలా తూలి నేల కరిచింది. మూడోదాన్ని ఎత్తి చూసి అందరూ ‘అబ్బ, ఎంత తేలికో’ అన్నారు. గాలి కూడా అదే అనుకున్నట్టుంది, దాన్ని పల్టీ కొట్టించి పారేసింది.

ఆ మూడు శవాల్లోంచి పనికొచ్చే ముక్కలు ఏరి, ఈసారి రెక్కలు సన్నగా, వంపు లేకుండా పెట్టి నాలుగోది కట్టాం. ‘కట్టాం’ అన్నాను కదా, రెండో మనిషి మా పళ్ళ డాక్టరు. చిన్నచిన్న కన్నాలు వెయ్యడానికి ఆయన దగ్గరున్న మిషన్లు ఇంకెవరి దగ్గరా ఉండవు, అందుకని దాన్ని ఆయన క్లినిక్‌లోనే పెట్టాం. అన్నీ పాత ముక్కలే కాబట్టి విమానానికి ‘ముసల్ది’ అని పేరు పెట్టింది కూడా ఆయనే.

మా ఆవిడ ఆఖరి మాట ముందే చెప్పేసింది. “ఆదివారం విమానాల పోటీలో ఇది ఎగిరి, ఒళ్ళు చెదరకుండా తిరిగొస్తే సరే. ఈసారి కూడా ముక్కలు సంచీలో వేసుకొచ్చారంటే ఆ గది అమ్మకి. పెద్దావిడ హాల్లో పడుకుంటే మీ అట్టముక్కలకి గదేమిటండీ?”

న్యాయంగా ఉంది. అందుకే నాకు భయం వేసింది. అన్యాయమైతే కనీసం పోట్లాడొచ్చు. రోజంతా పిల్లల చేత మామిడికాయలు గీయించి ఇంటికొచ్చిన మనిషికి, తలుపేసుకుని జిగురు వాసన పీల్చుకోవడానికి కాస్త చోటు లేకపోతే ఎలా?

“మీ అమ్మని ఎవర్రా చంపేది?” అన్నాను.

“పళ్ళ డాక్టరు! పళ్ళసెట్టు ఎప్పుడిస్తారో కనుక్కుందామని నిన్న క్లినిక్‌కి వెళ్ళాను. లోపలిగదిలో రెండు గొంతులు. ఒకటి డాక్టరుది. రెండోది ఎవడిదో బొంగురు గొంతు. పరమ కిరాతకుడు! ముక్కూ నోరూ గుడ్డతో మూసుకుని మాట్లాడుతున్నాడు. విను.” వాడు గొంతులు మార్చి నటించడం మొదలెట్టాడు.

“‘ముసల్దాన్ని ఆదివారం లేపేద్దాం. ఇంక ఆలస్యం వద్దు.’ ఇది డాక్టరు. ‘నలుగురి మధ్యా లేపాలి, పోతే పరువు పోతుంది.’ ఇది కిరాతకుడు. ‘ముక్కులో సీసం దింపితే ఏమీ కాదు.’ ‘సీసం వద్దు డాక్టరుగారూ, పాపం ఒంట్లో ఏముంది, అంతా పుల్లలే.’ ‘పొట్ట కోసి చూశాను, నరాలన్నీ బాగానే ఉన్నాయి. ఒకవేళ పోయినా ముసల్దే కదా, ఏడవకండి.’ విన్నావా బావా? అమ్మ పొట్ట ఎప్పుడు కోశారో కూడా మనకి తెలీదు!”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఒరేయ్, ఆ కిరాతకుణ్ణి నేనేరా! జిగురు ఘాటుకి మాస్క్ వేసుకున్నాను. ముసల్దంటే విమానం. లేపడమంటే ఎగరేయడం. నరాలంటే వైర్లు!”

వాడు నా భుజం మీద చెయ్యి వేసి జాలిగా చూశాడు. “పాపం, నిన్నెంత తెలివిగా నమ్మించారు బావా! నీ గొంతు నాకు తెలీదా? ఆ గొంతులో అధికారం ఉంది. అక్క ఉన్న ఇంట్లో నీకా గొంతు ఎక్కణ్ణుంచి వస్తుంది?”

బీన్స్ కత్తి ఒక్క క్షణం ఆగింది. 

“ఇవాళ్టి నుంచి నువ్వు నా అసిస్టెంటువి. ఆ కిరాతకుణ్ణి పట్టేదాకా నిద్రపోవద్దు!”

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నన్ను పట్టుకోవడానికి నేనే అసిస్టెంటునయ్యాను.

మర్నాడు డాక్టరు భోజనానికి వెళ్ళినప్పుడు క్లినిక్ మీద దాడి జరిగింది. వద్దన్నా వినడు, ఒంటరిగా వదిలితే డాక్టరు కుర్చీని కూడా అరెస్టు చేస్తాడని నేనూ వెంట వెళ్ళాను. వాడు వెనక కిటికీలోంచి దూరి నడుము దగ్గర ఇరుక్కుపోయాడు. నేను తీసి ఉన్న తలుపులోంచి నడిచి వెళ్ళి వాణ్ణి లోపలికి లాగాను.

“గుర్తుపెట్టుకో,” అన్నాడు రొప్పుతూ. “తలుపు తీసి ఉందంటే అది ఉచ్చు!”

బల్ల మీద మా ముసల్ది పడుకుని ఉంది. డేగకన్ను దాని ముక్కు దగ్గర టేపు ఊడదీసి లోపల వేలు పెట్టి సీసం ముద్ద బయటికి లాగాడు. “తుపాకీ గుండు! ఇదే హత్యాయుధం!”

నిజం చెబుతున్నాను, నాకు సంతోషమైంది. ఆ సీసం గురించి నాకూ డాక్టరుకీ వారం రోజులుగా యుద్ధం. తోక బరువైంది, ముక్కు బరువు పెంచకపోతే గాలికి నిలవదని ఆయన. గ్రాము గ్రాముకీ తపస్సు చేసి బరువు తగ్గించింది సీసం కుక్కడానికా అని నేను. ఆఖరికి ఆయనే నెగ్గి దింపేశాడు. ఇప్పుడు పాపం వాడిది, ఫలం నాది. అందుకని పెట్టెయ్యమని వాడికి గట్టిగా చెప్పలేదు.

“ఖాళీగా ఉంటే కనిపెట్టేస్తారు. డమ్మీ పెట్టాలి!” అంటూ వాడు పక్క ట్రేలోంచి ఒక దూది ఉండ తీశాడు. నేను డాక్టరు వస్తున్నాడేమోనని గుమ్మం వైపు చూసే లోపల దాన్ని ముక్కులో కుక్కి టేపు వేసేశాడు. దూదే కదా, బరువేముంటుందిలే అనుకున్నాను.

సాయంత్రం డాక్టరు మా ఆవిడకి ఫోన్ చేశాడు.  “అమ్మా, ఏమనుకోకండి, పెద్దావిడ పళ్ళసెట్టు కనిపించడం లేదు. పొద్దున్న తయారైంది. ఎక్కడ పెట్టానో ఏమో!”

“చూశావా!” అని డేగకన్ను గెంతాడు. “శవాన్ని పళ్ళని బట్టి గుర్తుపడతారు. అందుకని ముందే పళ్ళు మాయం చేశారు! అబ్బ, ఏం బుర్ర! నేను లేకపోతే ఈ కుటుంబం ఏమైపోయేది!”

ఆదివారం మైదానంలో గాలి ఈలలు వేస్తోంది. పోటీకొచ్చినవాళ్ళ టోపీలు ముందే ఎగిరాయి, విమానాలు తర్వాత. ఎగిరి, జెండా చుట్టూ తిరిగి, సున్నం గీతలోపల దిగాలి. నిప్పులు కక్కుతానని వచ్చిన పెద్ద విమానం ఒకటి గీత దాటకుండానే ముక్కు కొట్టుకుంది.  మా ఆవిడ ఖాళీ సంచీ ఒకటి మడిచి చంకలో పెట్టుకుని నిలబడింది. ఆ సంచీ ఎందుకో అడగక్కర్లేదు.

ఆవిడ పక్కన అత్తగారు ప్లాస్టిక్ కుర్చీలో, నెత్తిన మోటార్‌సైకిల్ హెల్మెట్‌తో కూర్చున్నారు. ‘నా కళ్ళెదుటే ఉంటే క్షేమం’ అని వాళ్ళబ్బాయి తెచ్చి కూర్చోబెట్టాడు. ఆవిడ ఏదో తిడుతున్నారు. పళ్ళు లేవు, పైగా హెల్మెట్. ఒక్క ముక్క అర్థం కాలేదు.

“గాలి తగ్గింది! ముసల్దాన్ని లేపెయ్యండి!” అని డాక్టరు అరిచాడు.

“అమ్మా!” అని డేగకన్ను ఒక్క గెంతుతో కుర్చీ మీద పడ్డాడు. తల్లీ కొడుకూ కుర్చీ ముగ్గురూ వెల్లకిలా పడ్డారు. అటు చూసేందుకు నాకు తీరిక లేదు. ముసల్దాన్ని గాలికి ఎదురుగా విసిరాను.

ఏం చెప్పను! ముక్కుసూటిగా పోయింది. గాలి ఎదురొచ్చి తోసినా తల ఎత్తలేదు, తూలలేదు. జెండా చుట్టూ పద్ధతిగా తిరిగింది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

“చూశారా, తేలిక!” అన్నాను.

“చూశారా, సీసం!” అన్నాడు డాక్టరు.

“సీసం లేదు లెండి,” అన్నాను గర్వంగా. “మావాడు తీసేశాడు.”

డాక్టరు మొహం పాలిపోయింది. “అయితే ఇంత బుద్ధిగా ఎలా ఎగురుతోంది? ముక్కులో ఏముంది?”

చెప్పేలోపు విమానం దిగడానికి వంపు తిరిగింది. సున్నం గీత వైపు చక్కగా వస్తోంది. ఆ గీత అవతల అప్పుడే అత్తగారు లేచి చీర దులుపుకుంటున్నారు.

“హత్యాయుధం!” అని కేక పెట్టి డేగకన్ను రెండు చేతులూ చాచి విమానానికి ఎదురు పరిగెత్తాడు. ముసల్ది తిన్నగా వెళ్ళి వాడి బొజ్జలో గుచ్చుకుంది. ముక్కు చిట్లింది. దూది ఉండ ఎగిరి అత్తగారి కాళ్ళ దగ్గర పడి విచ్చుకుంది. లోపల తళతళలాడుతూ పళ్ళసెట్టు.

“నేను చేసిన సెట్టు!” అని డాక్టరు ఆనందంతో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. సీసా నీళ్ళతో కడిగి అత్తగారి నోట్లో అమర్చాడు. “ఆ సీసం ముద్ద కన్నా ఇదే బరువు! ఇంకాస్త బరువుండాలని నేను చెబుతూనే ఉన్నాను!”

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. మా గాలిని జయించడానికి అత్తగారి పళ్ళే కావలసి వచ్చింది. నా తేలిక సిద్ధాంతం అక్కడితో గోవిందా.

“ఆగండి! ఇవి అసలువో కాదో తేల్చాలి!” అంటూ డేగకన్ను తల్లి నోట్లో వేలు పెట్టాడు.

అత్తగారు కటుక్కున కొరికారు. వాడి అరుపుకి నీళ్ళ ట్యాంకు మీద పావురాలు లేచిపోయాయి.

“బాగా అమిరాయి,” అన్నాడు డాక్టరు తృప్తిగా.

మా ఆవిడ వచ్చి విమానాన్ని తిప్పి చూసింది. “ముక్కు పగిలింది. అన్న మాట అన్న మాటే. గది అమ్మది.”

“మీ తమ్ముడు అడ్డొచ్చాడు కాబట్టి పగిలింది!” అన్నాను.  బంగారంలా ఎగిరి తిరిగొచ్చిన దాన్ని చేతుల్లో పట్టుకుని గది పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.

“నాకెందుకే ఆ గది?” అన్నారు అత్తగారు. కొత్త పళ్ళతో మాట ఖంగుమంది. “హాల్లో ఫ్యాన్ కింద నాకు హాయిగా ఉంది. వారం రోజుల్నుంచి ఆ మాటే మొత్తుకుంటున్నాను, అర్థమైనవాళ్ళు ఒక్కళ్ళు లేరు. అల్లుడుగారూ, మీ గదిలో మీరే ఉండండి.”

నేను వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను.

“ఒక్కటే షరతు,” అన్నారు ఆవిడ, వేలు ఊదుకుంటున్న కొడుకు వైపు చూపించి. “వీణ్ణి కూడా మీతోపాటు అందులో పెట్టుకుని, లోపల్నుంచి గొళ్ళెం వేసుకోండి.”