గుమ్మంలో అలమర

మైత్రీవనంలో జావా పాఠాలు చెప్పే కృష్ణమోహన్ ఆ శుక్రవారం సెలవు పెట్టి, వంటింటి అలమర తన చేత్తోనే బిగిద్దామనుకున్నాడు. చెక్కలు కోయడం అయింది. వాటిని మేకులతో కలపాలా, స్క్రూలతోనా, గాడి కోసి జిగురుతో అతకాలా అన్నదే తేలలేదు. వారంగా ఇంట్లో వేరే మాట లేదు.

"స్క్రూలు కొట్టన్నా. రేపు ఇల్లు మారితే విప్పుకొని పోవచ్చు," అన్నాడు పక్కవాటా మక్సూద్. సనత్‌నగర్‌లో ఫర్నిచర్ షెడ్డు నడుపుతాడు.

కృష్ణమోహన్ భార్య నాగేశ్వరి ముఖం చిన్నబోయింది. ఇంటాయన రామ్మోహనరావు ఈ వాటాను హాస్టల్‌కి ఇవ్వబోతున్నారని వీధంతటికీ తెలుసు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో చాప పరిచేంత చోటుంటే చాలు, హాస్టలే. పాప బడి పక్కనున్న ఈ ఇల్లు వదలాలంటే ఆమెకు ప్రాణం ఒప్పడం లేదు.

"విప్పే మాట వద్దండీ. జిగురే పెట్టండి," అంది మొగుడితో.

లోపల గుత్తివంకాయ ఉడుకుతోంది కనుక హాల్లోనే అతికించాడు. జిగురు ఒక రోజు ఆరాలి. పదిన్నరకు రాహుకాలం మాత్రం ఆగదు.

"ఆలోగా లోపల పెట్టేయండి," అని వంటింట్లోంచి పురమాయించింది నాగేశ్వరి.

కృష్ణమోహన్, మక్సూద్ కలిసి మోశారు. సగం వెళ్లి అలమర గుమ్మంలో ఇరుక్కుంది. కృష్ణమోహన్ గోడ కొలిచాడు, ఆవకాయ జాడీలు కూడా కొలిచాడు. గుమ్మం కొలవలేదు.

"వెనక్కి లాగుదామా?"

"జిగురు పచ్చిగున్నదన్నా. గుంజితే అతుకులు ఊడ్తయి. ఆరేదాక ముట్టకు."

గంట తిరక్కుండానే కారిన జిగురు అలమరను గుమ్మానికీ అతికించేసింది. అప్పుడే ఇంటాయన, హాస్టల్ నడిపే కామరాజును వెంటబెట్టుకుని వాటా చూపించడానికి వచ్చారు.

"ఏంటండీ ఇది? అది నా టేకు గుమ్మం," అన్నారు రామ్మోహనరావు నీరసంగా.

"ఒక్క తోపు తోస్తే సరి," అని కామరాజు భుజం పెట్టాడు. మక్సూద్ వద్దనేలోపే అలమర ఇంకాస్త లోపలికి దిగి బిగుసుకుంది. ఇంటాయనా ఓ చెయ్యి వేశారు. మధ్యాహ్నమైంది, అలమర కదల్లేదు.

నాగేశ్వరికి జాలేసింది. అలమరకు వెనక చెక్క ఇంకా కొట్టలేదు. ఆ అరల్లోంచి అన్నం, గుత్తివంకాయ ఒక్కో పళ్లెమే హాల్లోకి జరిపింది.

"చేతులు కడుక్కోండి అన్నయ్యగారూ."

కామరాజు పళ్లెం ఖాళీ చేశాడు. మారు పెట్టించుకుని మళ్లీ తిన్నాడు.

"అమ్మా, మా వంటవాడి దెబ్బకి హాస్టల్లో పిల్లలు నిలవట్లేదు. హాస్టల్‌కి మేడమీద ఖాళీగా ఉన్న వాటా చాలు. వంట మీరు చెయ్యండి. ఇలాగే, ఈ అరల్లోంచే పెట్టండి."

"అయితే వీళ్లు ఖాళీ చేయక్కర్లేదు. నా గుమ్మమూ కోయక్కర్లేదు," అన్నారు ఇంటాయన, పెరుగన్నం కలుపుకుంటూ.

నాగేశ్వరికి కళ్లు చెమర్చాయి. "మీ చలవ వల్లే ఇల్లు నిలిచిందండీ," అంది అరలోంచి మొగుణ్ణి చూస్తూ. స్క్రూల మాట ఎత్తినందుకు మక్సూద్ చెవులు పట్టుకున్నాడు.

ఇప్పుడామె వంటింట్లోకి పెరటి తలుపు నుంచి వెళ్తుంది. ప్రతి శుక్రవారం అలమరకు పసుపు, కుంకుమ పెట్టి దణ్ణం పెడుతుంది. రంపం మాత్రం మక్సూద్ ఇంట్లో దాచింది.