శనివారం నాటి పొగ

ఆ శనివారం పొద్దున తౌనో రింతలకి పడిన పని ఒక్కటే: తన ఇంట్లో మనుషులెవరూ కాపురం ఉండటం లేదని, కొనడానికి చూడవచ్చేవాళ్లు నమ్మాలి. పెళ్లి ఫోటోలు పరుపు కిందికి చేరాయి. పళ్ల బ్రష్షులు సొరుగులో దాక్కున్నాయి. ఏళ్ల తరబడి ఒకే కుర్చీని అంటిపెట్టుకున్న తౌనో స్వెటర్‌ను భార్య వియెనో రెండు వేళ్లతో పట్టుకెళ్లి కారు డిక్కీలో పడేసింది.

ఏప్రిల్ వస్తే కెనడాలోని తండర్ బే ఊళ్లో మంచు కరగడమూ, ఇళ్ల ముందు అమ్మకపు బోర్డులు మొలవడమూ ఒకేసారి జరుగుతాయి. రింతల వారి బోర్డు కాస్త ముందే మొలిచింది గానీ అచ్చిరాలేదు. ఇల్లు చూడ్డానికి రమ్మన్న మొదటి రోజున మంచుతుఫాను వచ్చింది. రెండోసారి మనుషులకంటే ముందు కరిగిన మంచు వచ్చి నేలమాళిగలో చేరింది. ఇది మూడోసారి. సరస్సు ఒడ్డున మెట్లు లేని ఒక కింది వాటాను వాళ్ల కోసం సోమవారం దాకా అట్టేపెట్టారు. ఈలోగా ఈ ఇల్లు అమ్ముడుపోకపోతే అది మరొకరిదవుతుంది. మోకాళ్ల నొప్పులతో వియెనో ఈ చలికాలమంతా మెట్లు వెనక్కి తిరిగి దిగింది. ఆమె దిగుతున్నంతసేపూ తౌనో కింద ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ చేతులు చాపి నిలబడేవాడు.

ఫోను మోగింది. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు కొలీన్.

"తౌనో గారూ, వచ్చేవాళ్లకి ఇల్లు కమ్మటి వాసన కొట్టాలన్నాను, ఏం చేశారు?"

"ఏలకుల రొట్టె కాలుతోందమ్మా. వీధి చివరికి కొడుతోంది."

"భేష్! ఇంకొక్క ముక్క. పొగగొట్టంలోంచి కాస్త పొగ లేస్తే ఇంటికి ఎంత కళో! చలిలో వచ్చేవాళ్లు అది చూసి సగం కొనేస్తారు. చిన్న మంట వెయ్యండి, చాలు."

హాల్లో చలిమంట గూడును తౌనో తండ్రి ఎప్పుడో ఇటుకలు పెట్టి మూసేశాడు. పొగ రాగలిగిన గొట్టం పెరట్లో సౌనా మీద ఒక్కటే మిగిలింది. రాళ్లు కాల్చి, వాటి మీద నీళ్లు చల్లి, ఆవిరిలో కూర్చునే ఆ కర్రగదిని అమ్మకం కోసం డిసెంబరులోనే కడిగి తుడిచి మూసేశారు. తౌనో వెళ్లి పొయ్యి రాజేశాడు. తెల్లటి పొగ నిటారుగా లేచింది. నిజంగానే ఇంటికి కళ వచ్చింది. తను చేసిన పనికి తనే మురిసిపోతూ వంటింట్లోకి వచ్చాడు.

వియెనో కిటికీ దగ్గర నిలబడి ఆ పొగనే చూస్తోంది.

"ఏమయ్యా, ఇవాళ ఏ వారం?"

"శనివారం," అన్నాడు తౌనో. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

ఆ వీధిలో ఉండేవాళ్లు ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ. శనివారం ఎవరి సౌనా మీద పొగ కనిపిస్తే వాళ్ల ఇంటికి వీధంతటికీ పిలుపు అందినట్టే. ఫోను చెయ్యరు, అడగరు. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేస్తారు. తువ్వాలుతో వచ్చిన మనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపగల ధీరుడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

"పొయ్యి ఆర్పెయ్యనా?"

"ఏం ఆర్పుతావు? అడుగో, ఓర్వో గేటు తీస్తున్నాడు."

పక్కింటి ఓర్వో పొట్టివాడు. చంకలో ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బర్చ్ చెట్టు రెమ్మల కట్ట, ముఖం మీద పెళ్లికొడుకు కళ. "తౌనో! డిసెంబరు నుంచి ఈ పొగ కోసం కళ్లు కాయలు కాశాయోయ్. ఇక మమ్మల్ని మర్చిపోయావనే అనుకున్నాం!"

"ఓర్వో, ఇవాళ ఇల్లు చూడ్డానికి..."

"మేమూ చూస్తాంలే, ఎన్నాళ్లయిందో!"

వెనక సందు గేటుకి ఇంకా మంచు అడ్డంగా ఉంది కనుక అందరూ ముందు గుమ్మంలోనే బూట్లు విప్పి, ఇంటి మధ్యలోంచి నడిచి, వంటింటి తలుపు తీసుకుని సౌనాలోకి వెళ్లారు. ఓర్వో వెనక అతని భార్య హిల్కా, ఆమె వెనక ఎదురింటి అన్నదమ్ములిద్దరు, వాళ్ల వెనక సగం వీధి. వెళ్తూ వెళ్తూ వాసన కోసం కాల్చిన రొట్టెను తలా ఒక ముక్క తుంచుకున్నారు.

"తినకండర్రా, అది వాసనకి!" అన్నాడు తౌనో.

"వాసనా బాగుంది," అంది హిల్కా నోటినిండా రొట్టెతో.

కొలీన్ వచ్చేసరికి గుమ్మంలో నల్ల రబ్బరు బూట్లు గుట్టగా ఉన్నాయి. కొనేవాళ్లే ఇంతమంది వచ్చారనుకుని ఆమె పొంగిపోయింది. లోపలికి అడుగుపెట్టకుండానే ఫోను తీసింది. "డాక్టర్ గారూ, మీరింకా ఆలోచిస్తూ కూర్చుంటే ఇల్లు ఎగిరిపోతుంది. గుమ్మంలో కాలు పెట్టే చోటు లేదు!" అలా ఒకరి తర్వాత ఒకరికి చెప్పింది. పావుగంటలో వీధి కార్లతో నిండింది. పళ్ల డాక్టరు పరుగున వచ్చాడు. అతని వెనక ఎవరెవరో వచ్చారు. అందరి వెనక నోలన్, బ్రియానా అనే కుర్రజంట వచ్చింది. నోలన్ ఆరడుగుల పైచిలుకు మనిషి. అందరిలాంటి నల్ల బూట్లే గుమ్మంలో విప్పి, నేరుగా వాటి నుంచి కారిన మంచునీళ్ల మడుగులో అడుగు వేశాడు.

సరిగ్గా అప్పుడే వంటింటి తలుపు తెరుచుకుని, ఒంటిమీద తువ్వాలు మాత్రమే ఉన్న ఇద్దరు పెద్దమనుషులు పొగలు కక్కుతూ మంచినీళ్ల కోసం లోపలికి వచ్చారు.

"వీళ్లెవరు?" అన్నాడు పళ్ల డాక్టరు.

తౌనో జన్మలో అబద్ధం ఆడలేదు. అనుభవం లేకపోవడంతో మొదటిదే చాలా పెద్దది వచ్చింది. "ఇల్లు తనిఖీ చేసేవాళ్లండీ."

"తువ్వాళ్లతోనా?"

"పెరట్లో... వేడి ఎక్కువ."

కొలీన్ అది నమ్మేసింది. తనకు తెలియకుండా ఎవరో తనిఖీదారులనే దింపారంటే బేరం ఎంత దూరం వెళ్లిందో! ఆమె ఎవరి చెవిలోనో ఊదింది. అది హాలు దాటేసరికి ఒక కంపెనీ ఎనిమిది మందితో తనిఖీ చేయిస్తోందని తేలింది. పడగ్గదిలో ఇద్దరు ఆడవాళ్లు ఒకే అలమారకు రెండు తలుపులూ పట్టుకుని "మేం ముందు చూశాం" అని మొదలుపెట్టారు. అబద్ధం పెరిగిపోతుంటే తౌనోకి భయమేసింది. అయినా వియెనో వైపు చూసి నవ్వాడు. ఇల్లు అమ్ముడుపోయేలా ఉంది మరి.

అంతలో పెరట్లో కేక వినిపించింది. అందరూ కిటికీకి అతుక్కుపోయారు. సౌనా తలుపు తెరుచుకుంది. ఆవిరి మేఘంలోంచి ఓర్వో దూసుకొచ్చి, కంచె నీడలో మిగిలిన చివరి మంచుకుప్పలోకి దూకాడు. వెనకే అన్నదమ్ములిద్దరూ దూకారు.

"మంచు లోతు కొలుస్తున్నారు," అన్నాడు తౌనో నీరసంగా.

పళ్ల డాక్టరు తెలివైనవాడు. ఊరికే దొరికిన తనిఖీని వదులుకుంటాడా? తలుపు తీసి కేకేశాడు. "సార్! ఈ ఇంట్లో మీరేం కనిపెట్టారు?"

ఓర్వో మంచులోంచి లేచి, మసకబారిన కళ్లద్దాలు సర్దుకున్నాడు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

"కనిపెట్టడానికేముంది బాబూ, ఏళ్ల నుంచీ చూస్తున్నదేగా! నేలమాళిగలో ఏటా నీళ్లొస్తాయి. మేడ మెట్లు పిల్లుల్లా అరుస్తాయి. ఉత్తరం కిటికీ మూసినా ఒకటే, తీసినా ఒకటే. తౌనో బంగారంలాంటి మనిషే గానీ సుత్తి పట్టడం రాదు. ఆ అటక నిచ్చెన ఎక్కేరు, జాగ్రత్త!"

పళ్ల డాక్టరు తలుపు మూసేశాడు. ఆ తర్వాత గుమ్మంలో తొక్కిసలాట జరిగింది. దొరికిన బూట్లు తొడుక్కుని అందరూ కార్లెక్కారు. కొలీన్ కుర్చీలో కూలబడి, మిగిలిన రొట్టెముక్క ఏ వాసనా తెలియకుండా నమిలి వెళ్లిపోయింది. తన ధర్మం తాను నెరవేర్చానన్న తృప్తితో ఓర్వో బట్టలు వేసుకుని పేకాటకి వెళ్లిపోయాడు.

తౌనో మెట్ల మీద కూర్చున్నాడు. "కొంప ముంచాను వియెనో. సోమవారం పోయింది. నీ కాళ్లు..."

"పోనిద్దూ," అంది వియెనో, అతని భుజం మీద చెయ్యి వేసి. "ఇంకో చలికాలం వెనక్కి తిరిగి దిగుతాను. నువ్వు కింద ఏదో వెతుక్కుంటూ ఉంటావుగా."

అతను సిగ్గుతో తల వంచుకున్నాడు. అన్నాళ్లూ ఆమెకు తెలియదనుకున్నాడు.

"ఏవండీ," అన్న గొంతు గుమ్మంలోంచి వినిపించింది. నోలన్ అక్కడే నిలబడి ఉన్నాడు. మేజోళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "నా బూట్లు లేవు. ఇవి మిగిలాయి." అతని చేతిలో పసివాడికి సరిపోయే జత ఉంది.

ఆడవాళ్ల వంతు కోసం వంటింట్లో కూర్చున్న హిల్కా నుదురు కొట్టుకుంది. "మా ఆయనవి! ఆవిరి పట్టిన కళ్లద్దాలతో నీవి తగిలించుకుపోయుంటాడు. పేకాటకి పోతే ఫోను ఇంట్లోనే పడేస్తాడు, ఇక సాయంత్రందాకా రాడు."

"ఆ తడి కాళ్లతో అప్పటిదాకా నిలబడతావా నాయనా?" అంది వియెనో. "ఇదిగో తువ్వాలు. పో, లోపల మగవాళ్ల వంతు నడుస్తోంది. అమ్మాయీ, నువ్విలా కూర్చో, కాఫీ పెడతాను."

నోలన్ మొహమాటంగా వెళ్లాడు. అరగంటకి పెరట్లోంచి ఒక కొత్త గొంతు కేక వినిపించింది. ఆరడుగుల మనిషి మంచుకుప్పలో పడ్డ చప్పుడు మిగతావాళ్లదానికంటే ఘనంగా ఉంది. బ్రియానా కిటికీ దగ్గరికి పరుగెత్తి చూసి, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "శరదృతువులో ఈ ఊరొచ్చాం ఆంటీ. ఇన్ని నెలల్లో మమ్మల్ని కూర్చోమన్నవాళ్లు మీరే."

సాయంత్రం ఓర్వో బూట్లు తిరిగిచ్చాక కుర్రజంట వెళ్లిపోయింది; చీకటి పడేవేళకి కొలీన్ తిరిగి వచ్చింది. చేతిలో కాగితాలున్నాయి.

"ఆ కుర్రజంట మీరు చెప్పిన ధరకే కొంటారట. ఇంతవరకూ చూసిన ఇళ్లన్నిటిలో, ఉన్న లోపాలు ముందే చెప్పినవాళ్లు ఇక్కడే దొరికారట. ఒకటే షరతు."

"నేలమాళిగ బాగుచెయ్యాలా?" అన్నాడు తౌనో.

"అది వాళ్లే చూసుకుంటారట. శనివారం వచ్చేవాళ్లు ఎప్పట్లాగే రావాలట. మీ ఇద్దరితో సహా. ఎవరూ మానడానికి వీల్లేదట."

వియెనో గట్టిగా నవ్వింది. తౌనో సంతకం పెట్టాడు. పెడుతూ కాగితంలో ఒకటి గమనించాడు: ఇంటితోపాటు ఆ వీధిలోని ముసలివాళ్లందరినీ పుచ్చుకున్న ఆ పిల్లలు, ఫ్రిజ్ మాత్రం మరీ పాతదని తీసుకుపొమ్మన్నారు.