చాలు అన్న పాపానికి

ఆ ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి తిరుపతిరావు చచ్చిపోయి, తొమ్మిదింటికల్లా లేచి ఉప్మా తినాలన్నది ఏర్పాటు. ఆయనది గుణుపురం బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు. సారా మీద భార్య కస్తూరి కట్టిన పాటకు వీడియో తీస్తున్నారు. అందులో శవం వేషం ఆయనది.

కస్తూరి సారాకి తండ్రిని అప్పగించింది, తమ్ముణ్ణి అప్పగించింది. మూడో మనిషిని అప్పగించే ఓపిక ఆమెకు లేదు. చెబితే మొగుడు వినలేదు కాబట్టి పాటగా రాసింది. పాడె మీద పడుకుంటేనైనా బుద్ధి వస్తుందని ఆశ. ఆయన ఒప్పుకున్నాడు గానీ, ఓ షరతు పెట్టాడు.

"షూటింగయ్యేదాకా ముట్టను. అయిపోయేక నువ్వేటీ అనకూడదు."

"కదిలావంటే మళ్లీ మొదట్నుంచి తియ్యాలి, బాబాయ్," అని దర్శకుడు గిరీష్ హెచ్చరించాడు. గిరీష్ కస్తూరి అక్క కొడుకు. విశాఖలో మూడు నెలలు కెమెరా నేర్చుకుని వచ్చిన దగ్గర్నుంచి, ఊళ్లో అందరిలా "సాలు" అనడం మానేసి, స్పష్టంగా "చాలు" అంటున్నాడు. కొంప ముంచింది ఆ ఒక్క అక్షరమే.

బతికున్నవాడి పాడె మోయడం అరిష్టమని ఊళ్లో ఎవరూ రాలేదు. బిస్సమ్ కటక్ నుంచి నలుగురు ఒడియా కూలీలను రప్పించారు. తిరుపతిరావు ముక్కులో దూది పెట్టి, దవడకు గుడ్డ కట్టి, పాడెకు తాళ్లతో బిగించారు. గిరీష్ మేడెక్కి డ్రోన్ ఎగరేశాడు. పాడె వీధి మలుపు దాకా వెళ్లింది. షాట్ బాగా వచ్చింది.

"చాలు!" అని అరిచాడు.

ఒడియాలో చాలు అంటే సాగుతోందని, సాగనివ్వమని. కూలీలు మలుపు తిరిగారు.

"చాలు! చాలు!"

వాళ్లు అడుగు పెంచారు. గిరీష్ కంగారుగా ముందున్నవాడికి ఫోన్ చేసి మళ్లీ అదే మాట మొత్తుకున్నాడు. "హఁ బాబు, చాలు అఛి!" అంటూ, సాగుతూనే ఉందని అతను భరోసా ఇచ్చి పెట్టేశాడు. గిరీష్ మెట్లు దిగి వెంటపడ్డాడు. కానీ డ్రోన్ ఎక్కడ కూలుతుందోనని ఆకాశం చూస్తూ నడిచేవాడు ఎవరిని అందుకుంటాడు?

పాడె బజారులోకి వచ్చింది. కింద జనానికి కెమెరా కనబడదు, శవం కనబడుతుంది. "తిరపతిరావు పోయేడట," "ఎప్పుడో పోవలసినోడే," అంటూనే చెప్పులు విడిచి వెనక నడిచారు. తిరుపతిరావుకి అన్నీ వినబడుతున్నాయి. కదిలితే మళ్లీ మొదట్నుంచి. అంటే సాయంత్రం దాకా చుక్క ఉండదు. బిగబట్టుకుని పడుకున్నాడు.

వెనక కస్తూరి జుట్టుముడి ఊడి పరిగెత్తుకొస్తోంది. "ఆపండి! ఆయన బతికే ఉన్నాడు!"

నలుగురు ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. "అలాగే అనిపిస్తాదమ్మీ. మా మావ పోయినప్పుడు నానూ అలాగే అన్నాను."

"పాట కోసమమ్మా, పాట!"

"పాడుకుందువులే. ముందు కూకో."

సంతలో ఉన్న తిరుపతిరావు అక్క అమ్మన్నమ్మకు కబురందింది. డెబ్బై ఏళ్ల మనిషి, కూరల సంచీ పారేసి వంశధార ఏటి దారిలో పాడెకు అడ్డం పడింది. సరిగ్గా దింపుడు కళ్లం దగ్గర. శ్మశానానికి ముందు శవాన్ని దించి, ప్రాణం ఏ మూలో ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. జనం దించమన్నారు, కూలీలు దించారు.

"తిరపతీ... ఒరే తిరపతీ... నా తండ్రీ, తిరపతీ!"

ఆ గొంతు అక్కదని ఆయనకు తెలిసింది. అయినా రెప్ప కదపలేదు.

అంతలో సారా కొట్టు ఆదిశేషు వచ్చి కాళ్ల మీద పడ్డాడు. ఆ రోజు అందరికంటే బిగ్గరగా ఏడ్చింది అతనే. "బావా! నీలాటి మనిషి మళ్లీ పుట్టడు. నీకోసం మూడ్రోజులు కొట్టు మూసేస్తాను, బావా!"

శవం తల ఎత్తింది. దవడ గుడ్డ జారింది. "మూడ్రోజులా? నీ దుంప తెగ, తియ్యరా కొట్టు!"

జనం చెల్లాచెదురయ్యారు. ఆదిశేషు వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. కూలీలు పాడె మళ్లీ ఎత్తాలా అని దిక్కులు చూశారు. అమ్మన్నమ్మ మాత్రం కదల్లేదు.

"నాను మూడుసార్లు పిలిస్తే పలకలేదు. సారా కొట్టు మూసేస్తానంటే లెగిసేవా?"

 అప్పుడే చేరిన కస్తూరి ఆ మాట విని రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. పాట రాస్తున్నప్పుడు కూడా అంత ఏడవలేదు. అది షూటింగు ఏడుపు కాదని తిరుపతిరావుకూ తెలిసింది. తెలిసినా, కళ్లు మాత్రం ఆదిశేషు పారిపోయిన వైపే ఉన్నాయి.

అది అమ్మన్నమ్మ చూసింది. లేచి నిలబడి, ఏటి గట్టు అదిరేలా అరిచింది.

"ఇనండర్రా! పాడెక్కి దిగినోడి నోట్లో ఎవుడు సుక్క పోస్తే, ఆ పాడె ఆడి గుమ్మంలోకొస్తాది. మా తాతల కాడ్నుంచీ ఉన్న మాట!"

అలాంటి మాట ఏ తాతా అనలేదు. కానీ అందరికంటే ముందు నమ్మింది ఆదిశేషే. సాయంత్రానికల్లా గుణుపురంలో తిరుపతిరావు వస్తున్నాడంటే సారా కొట్ల తలుపులు మూసుకున్నాయి.

కస్తూరి పాటను ఇప్పటికి నలభైమంది విన్నారు. డ్రోన్‌కి చిక్కిన, శవం లేచిన ముక్క మాత్రం, గిరీష్ దాచినా ఎలా బయటపడిందో, అమ్మన్నమ్మ మాటతో సహా ఫోన్ నుంచి ఫోన్‌కి పాకింది. తిరుపతిరావు నాలుగో రోజు రైలెక్కి నౌపడా వెళ్లాడు. అక్కడి సారా కొట్టువాడు ఫోన్లోకి ఓసారి, ఆయన మొహంలోకి ఓసారి చూసి, మంచినీళ్లిచ్చి పంపాడు.